వంకర ముక్కు పెట్ట

ఆ ఏడాది ఎండలు ముదరక ముందే మా నల్ల పెట్ట పదకొండు గుడ్లు పొదిగితే తొమ్మిది పిల్లలు లేచాయి. తొమ్మిదింటిలో ఒకటి లేత పసుపు మీద బూడిద చారలున్న పిల్ల. మొదటి రెండు వారాలు దానికీ మిగతావాటికీ తేడా నాకు కనిపించలేదు. మూడో వారంలో ఒక పొద్దున నూకలు చల్లి నిలబడి చూస్తుంటే, ఎనిమిది పిల్లలు టకటకా ఏరుకుంటున్నాయి, ఇది మాత్రం నేలను పొడుస్తూనే ఉంది. ఎంత పొడిచినా ఒక్క గింజా లోపలికి పోవడం లేదు. పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాను. పై ముక్కు కుడివైపుకు, కింది ముక్కు ఎడమవైపుకు తిరిగిపోయాయి. నోరు మూసినా రెండు కొనలూ కలవవు. సగం తెరిచిపెట్టిన కత్తెరలా ఉంది.

మా ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. తీసుకెళ్లి చూపించాను.

"గిది బతుకదే," అన్నాడు. "ఇంకో రెండు రోజులైతే తల్లే పొడిచి దూరం పెడ్తది. దాని మీద పానం పెట్టుకోకు."

ఆయన ముప్పై ఏళ్లుగా బొగ్గు బావిలో భూమి కిందికి దిగి వస్తున్న మనిషి. దేన్నయినా ఒకసారి చూసి, నిలుస్తుందో కూలుతుందో చెప్పడం ఆయనకు అలవాటు. నేను వినలేదు.

మాది గోదావరిఖనిలో, ఓపెన్‌కాస్ట్ గని మట్టి గుట్టలు కనిపించేంత దూరంలో ఉన్న ఒక కాలనీ. రెండు గదుల ఇల్లు, వెనక కొంచెం దొడ్డి. మా అమ్మాయి కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పగలంతా ఇంట్లో నేనూ, దొడ్లో కోళ్లూ. చేతినిండా టైం ఉండేది. ఫోన్లో వెతికితే అలాంటి కోళ్ల గురించి ఒక వీడియో దొరికింది. ఎవరో తెల్లామె ఇంగ్లీషులో చెబుతోంది. మాట సగం అర్థం కాకపోయినా ఆమె చేతులు చూసి నేర్చుకున్నాను. మెత్తటి అన్నంలో తవుడు, నానబెట్టిన పల్లీల ముద్ద కలిపి, లోతు గిన్నెలో మూడు వేళ్ల ఎత్తు పెట్టాలి. అప్పుడు పిల్ల మొహమంతా అందులో ముంచి, కింది ముక్కుతో గరిటెలా తోడుకుంటుంది. సగం లోపలికి పోతుంది, సగం మొహానికి అంటుకుంటుంది. తిన్నాక తడిగుడ్డతో మొహం తుడవాలి, లేకపోతే ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, అది తింటున్నంతసేపూ పక్కన కూర్చోవాలి. లేకపోతే మిగతా కోళ్లు వచ్చి రెండు నిమిషాల్లో గిన్నె ఊడ్చేస్తాయి. ఒక్కో పూటకు అరగంట పడుతుంది.

అలా రోజుకు మూడు పూటలు చేశాను. చిన్న కర్ర ఒకటి పట్టుకుని మిగతావాటిని అదిలిస్తూ దాని పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. పిల్ల బతికింది. ముక్కు మాత్రం పెరిగే కొద్దీ ఇంకా వంకర పోయింది. పశువుల దవాఖానకు సంచిలో పెట్టుకుని తీసుకెళ్తే అక్కడి కాంపౌండరు నవ్వి, "అమ్మా, దీనికి మందు లేదు. నెలకోసారి కొనలు నెయిల్ కట్టర్‌తోని తియ్యి. ఓపిక ఉంటే సాదుకో, లేకుంటే కోసుకో," అన్నాడు. మొదటిసారి కత్తిరించినప్పుడు లోతుగా తెగి రక్తం వచ్చింది. పసుపు అద్ది, గంట సేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదేనని ఇప్పటికీ అనుకుంటాను.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది తింటుండగా ఒకరోజు వీడియో తీసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి అందరూ మెచ్చుకున్నారు. "నీ అసుంటి మనసు ఎవరికుంటది అక్కా," అని మా మరదలు రాసింది. మా పెద్దమ్మ ఫోన్ చేసి, కన్నబిడ్డలను కూడా ఈ రోజుల్లో ఇట్ల చూస్తలేరని అంది. ఆ మాటలు నాకు రుచిగా అనిపించాయి. తర్వాత వారానికొక వీడియో పెట్టడం మొదలుపెట్టాను. మొహం తుడిచేటప్పుడు ఫోన్ ఎక్కడ ఆనించి పెడితే బాగా కనిపిస్తుందో కూడా చూసుకునేదాన్ని.

మా దొడ్డికీ పక్కింటి దొడ్డికీ మధ్య ఛాతీ ఎత్తు ఇటుక గోడ ఒకటుంది. ఆ ఇంట్లో ఉండేది ముసలి ముస్లిం దంపతులు. ఆయన ఇంటి ముందు రేకుల షెడ్డులో స్కూటర్లు, మోటార్ సైకిళ్లు బాగు చేస్తాడు. మేము ఆయన్ని చాచా అని, ఆమెను ఖాలా అని పిలిచేవాళ్లం. వాళ్ల బిడ్డలు ఇద్దరూ పెళ్లిళ్లయి పెద్దపల్లిలో ఉంటారు, పండుగలకు వచ్చిపోతారు. మేము ఇక్కడ ఇల్లు కట్టుకుని వచ్చినప్పటినుంచీ, అంటే పదహారేళ్లుగా, మా ఇంట్లో పుంజును కోయాలంటే చాచాయే కోసేవాడు. మా ఆయన పుంజును గోడ మీదుగా అందించేవాడు, చాచా బిస్మిల్లా అని కోసి, కడిగి, మళ్లీ గోడ మీదుగా అందించేవాడు. కార్జం ముక్క వాళ్లకు తీసి పంపితే ఖాలా ఒద్దొద్దంటూనే తీసుకునేది.

వానాకాలం మధ్యలో బెల్లంపల్లిలో మా అమ్మ బావి గద్దె దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కరీంనగర్ దవాఖానకు తెచ్చి ఆపరేషన్ చేయించారు. నేను వెళ్లక తప్పలేదు. మా ఆయనకు షిఫ్టులు, ఆయన వంటే ఆయన చేసుకోవాలి, ఇక కోడి దగ్గర అరగంట ఎక్కడ కూర్చుంటాడు? అందుకని ఖాలాకు అప్పగించాను. గిన్నె, కర్ర, తవుడు డబ్బా అన్నీ ఇచ్చి ఎలా పెట్టాలో చూపించాను.

"ఫికర్ చెయ్యకు బేటీ. నువ్వు అమ్మను చూస్కో. గిది నా పని," అంది ఖాలా.

ఇరవై నాలుగు రోజులకు తిరిగి వచ్చాను. బస్సు దిగి ఇంట్లో సంచి పెట్టి నేరుగా గోడ దగ్గరికి వెళ్లాను. ఖాలా వెనక గడప మీద కూర్చుని ఉంది, పెట్ట ఆమె ఒళ్లో ఉంది. గుర్తుపట్టలేకపోయాను. మా ఇంట్లో ఉన్నప్పుడు దాని ఈకలు ఎప్పుడూ మాసి, చెదిరి ఉండేవి. ముక్కు కలవకపోవడంతో అది తన ఈకలు తాను దువ్వుకోలేదు, దాంతో పేలు కూడా పట్టేవి. ఆ సంగతి నాకు తట్టలేదు. ఖాలాకు తట్టింది. వేపాకు కాచిన నీళ్లతో కడిగి, పాత టూత్ బ్రష్‌తో రోజూ దువ్విందట. ఈకలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మెడ నిండుగా ఉంది. ఛాతీ చేతికి బరువుగా తగిలింది.

"ఆగు, నీకు ఒకటి చూపిస్త," అంటూ ఖాలా లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలోంచి ఒక గుడ్డు తీసుకొచ్చింది. చిన్న గుడ్డు, పెంకు మీద కొంచెం రక్తపు చార. "తొలి గుడ్డు. నీ కోడి, నువ్వే ముందుగాల చూడాలె అని దాచిపెట్టిన. చాచా తింటనన్నడు, నేనియ్యలే."

నేను మెచ్చుకోవాల్సింది పోయి, "అయ్యో, మా ఇంట్ల పెట్టేది కదా తొలి గుడ్డు," అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

పెట్టను ఎత్తుకుని గోడ ఇటువైపు దించాను. అది ఒకసారి రెక్కలు దులుపుకుని, గోడలో ఇటుకలు ఊడిన సందులోంచి దూరి మళ్లీ ఖాలా దగ్గరికి వెళ్లిపోయింది. ఇరవై నాలుగు రోజులకు అది నన్ను మరిచిపోయింది. మరిచిపోయిందనడం కూడా సరికాదు. నా దగ్గరకంటే ఆమె దగ్గర దానికి బాగుంది, అంతే. పొద్దున్నే సందులోంచి అటు పోవడం, మాపటికి నేను వెళ్లి ఎత్తుకురావడం, వారం రోజులు ఇదే తంతు. ఇక్కడ గ్రూపులో చుట్టాలు "కోడి ఎట్లున్నది, వీడియో పెట్టు" అని అడుగుతున్నారు. ఫోన్ నా చేతిలోనే ఉంది, పెట్ట గోడ అవతల ఉంది.

ఒక సాయంత్రం పెట్టను తెచ్చుకుందామని వీధి వాకిలి నుంచి వాళ్లింటికి వెళ్లాను. చాచా షెడ్డులో ఒక బండి చక్రం విప్పుతున్నాడు. ఖాలా పెట్ట మొహం తుడుస్తోంది.

"బేటీ, ఒక మాట అంట, ఏమనుకోకు," అంది. "ఇగ ఇక్కడనే ఉండనియ్యరాదు. నీ కోడే. గుడ్లు నీకే ఇస్త. నాకు పొద్దుపోతది, దానికీ అలవాటైంది."

ఆ మాటలో తప్పేం లేదు. నాకు మాత్రం వేరేలా వినిపించింది. నీకు చూసుకోవడం రాలేదు, నాకు వచ్చు అని అన్నట్టు వినిపించింది. నేను అన్నాను:

"మీ ఇంట్ల కోడి ఎన్ని రోజులు బతుకుతది ఖాలా? ఇయ్యాల కాకపోతే రేపు చాచా కత్తి కిందికే గద."

చాచా చేతిలో పానా ఆగింది. ఖాలా నా మొహం వైపు చూసింది. నేను నవ్వుతున్నానేమో, పరాచికంగా అన్నానేమో అని వెతికినట్టు చూసింది. నేను నవ్వలేదు. ఆమె లేచి పెట్టను నా చేతుల్లో పెట్టింది. గిన్నె, తవుడు డబ్బా, కర్ర తెచ్చి అరుగు మీద పెట్టింది.

"తీస్కపో," అంది.

మా ఇంట్లో ఆదివారం వచ్చిందంటే కోడి కూరే. మేము పెంచిన పుంజులన్నీ ఆ కత్తి కిందికే వెళ్లాయి. మేమే తీసుకెళ్లి ఇచ్చాం, మేమే తిన్నాం. అలాంటిది ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందని చాలాసార్లు ఆలోచించాను. ముస్లింల గురించి ఫోన్లలో తిరిగే మాటలు, పెళ్లిళ్లలో బంతి భోజనాల కాడ కొందరు అనే మాటలు నేనూ విన్నాను. నేను వాటిని పట్టించుకునే మనిషిని కాదని నా నమ్మకం. కానీ ఒకరిని నొప్పించాలని అనిపించగానే అవే ముందుగా నోటికి అందాయి.

ఇంటికి వచ్చి గోడ సందులో రెండు ఇటుకలు పెట్టి మట్టితో మెత్తాను. ఖాలా దాచి ఇచ్చిన గుడ్డును ఆ రాత్రి వంటలో మా ఆయనకు అట్టు వేసి పెట్టాను. ఏ గుడ్డో చెప్పలేదు.

దసరాకు మా ఆయన అలవాటు ప్రకారం పుంజును పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. చాచా గోడ దాకా రాకుండా, ముందు షెడ్డులోంచే, "భుజం గుంజుతుంది భాయ్, నాతోని కాదు. బజార్ల కోయించుకో," అన్నాడు. ఆ పొద్దునే ఆయన ఒక మోటార్ సైకిల్ ఇంజను ఒంటరిగా దించడం మా ఆయన చూశాడు.

"ఏమన్నవే వాళ్లను?" అని అడిగాడు లోపలికి వచ్చి.

"నేనేమంట? ఏమనలే," అన్నాను.

దసరా తర్వాత నాకు ఒక ప్రైవేటు బడిలో ఆయా పని దొరికింది. చిన్న పిల్లల క్లాసు. మా అమ్మాయి చదువుకు ఆసరా అవుతుందని కుదిరాను. పొద్దున ఎనిమిదింటికి ఇంట్లోంచి బయటపడి షేర్ ఆటో ఎక్కితే, తిరిగి రావడం అయిదు దాటాకే. అక్కడ మధ్యాహ్నం పిల్లల టిఫిన్ డబ్బాలు విప్పి, తిననివాళ్లను బుజ్జగించి, కలిపి ముద్దలు పెట్టడం నా పని. బాగా చేసేదాన్ని. టీచర్లు నా ఓపికను మెచ్చుకునేవారు.

పెట్టకు మూడు పూటల తిండి రెండు పూటలైంది. పొద్దున అరగంట కూర్చోవడానికి లేకుండా పోయింది. గిన్నెలో తిండి కలిపి, నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టి, మిగతా కోళ్లను ఒకసారి అదిలించి పరుగెత్తేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉండేది. తిన్నదిలే అనుకునేదాన్ని. గిన్నె ఎవరు ఖాళీ చేశారో నాకు తెలియదా? తెలుసు. దాని పక్కన కర్ర పట్టుకుని నెలల తరబడి కూర్చున్నదాన్ని. అయినా రోజూ సాయంత్రం ఆ ఖాళీ గిన్నెను చూసి, నిజంగా తిన్నట్టే మనసును ఒప్పించుకునేదాన్ని. వేరే గంప కింద మూసి దానికి విడిగా పెట్టొచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. రేపు చేద్దాం, ఆదివారం చేద్దాం అనుకున్నాను.

సాయంత్రం పెట్టే పూట కూడా క్రమంగా కుదించాను. కాళ్లు గుంజేవి. వంట చేయాలి, మా ఆయన రెండో షిఫ్టు అయితే దిగి వచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలి. అది మొహం ముంచి ముంచి తోడుకుంటుంటే నాకు విసుగొచ్చేది. పది నిమిషాలకే గిన్నె తీసేసేదాన్ని. ఒక్కోసారి తినవే తొందరగా అని దాన్ని కసిరాను కూడా. వీడియోలు పెట్టడం ఎప్పుడో మానేశాను.

ఒక ఆదివారం తలంటుకుని ఎండలో కూర్చుంటే అది మెల్లగా వచ్చి నా కాలికి ఆనుకుని నిలబడింది. ఎత్తుకున్నాను. గుడ్డ మూట ఎత్తినట్టుంది. ఛాతీ మధ్య ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. ఆ రోజంతా దాని దగ్గరే ఉన్నాను. నాలుగుసార్లు కలిపి పెట్టాను. ఆత్రంగా తిన్నది. మాపటికి పొట్ట తిత్తి ఉబ్బి కనిపిస్తే నాకు ఎంతో తేలికగా అనిపించింది. ఇక రోజూ ఇలాగే చూడాలనుకున్నాను. సోమవారం పొద్దున గిన్నె డ్రమ్ము పక్కన పెట్టి ఆటో కోసం పరుగెత్తాను.

ఖాలాను అడిగితే అయిపోయేది. గోడ దగ్గర నిలబడి, ఖాలా, నాతోని అయితలేదు, నువ్వే చూస్కో అంటే చాలు. రెండుసార్లు గోడ దాకా వెళ్లాను కూడా. ఆమె బట్టలు ఆరవేస్తోంది. నన్ను చూసి చూడనట్టు ఉండిపోయింది. నేనూ నీళ్ల డ్రమ్ము మీద మూత సర్దుకుని తిరిగి వచ్చేశాను. అడగాలంటే ముందు ఆ మాటకు క్షమించమని అడగాలి. దానికి నాకు నోరు రాలేదు. ఆ బెట్టు నాది, ఆకలి దానిది.

ఆ తర్వాత మూడు వారాలకేమో, ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి కోళ్లను గంప కింద మూస్తుంటే ఒకటి తక్కువైంది. వెతికితే బట్టలుతికే బండ వెనక దొరికింది. కాళ్లు ముడుచుకుని, మెడ పక్కకు వాల్చి కూర్చుని ఉంది. ఇంకా ప్రాణం ఉంది. ఒళ్లోకి తీసుకుని నీళ్లలో ముంచిన వేలు ముక్కుకు అందించాను. రెండు చుక్కలు మింగింది. పాలన్నం మెత్తగా పిసికి పెట్టాను, మింగలేకపోయింది. పొద్దు పూర్తిగా గూకకముందే నా చేతుల్లోనే మెడ వేలాడేసింది.

మా ఆయన షిఫ్టు దిగక ముందే బొప్పాయి చెట్టు దగ్గర గుంట తీసి పూడ్చేశాను. మెల్లగా తవ్వాను, గడ్డపార చప్పుడు గోడ అవతలికి వినిపించకూడదని.

మరుసటి రోజు పొద్దున గోడ అవతలి నుంచి ఖాలా పిలిచింది. మూడు నెలల తర్వాత నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"కోడి కనబడ్తలేదు?"

"కుక్క పట్కపోయింది ఖాలా."

"ఎప్పుడు?"

"నిన్న మాపటీలి. నేను ఇంట్ల లేను."

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. "అట్లనా," అని లోపలికి వెళ్లిపోయింది.

మా ఆయనకూ అదే చెప్పాను. గ్రూపులోనూ అదే రాశాను. "అయ్యో పాపం, ఎంత పానంగా చూసుకున్నవ్ అక్కా" అని మా మరదలు రాసింది. కన్నీళ్ల బొమ్మలు, దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. పెద్దమ్మ ఫోన్ చేసి నన్నే ఓదార్చింది. అన్నీ తీసుకున్నాను. ఒక్కరికి కూడా నిజం చెప్పలేదు. ఆ చుట్టాల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

ఎండాకాలం వచ్చాక ఖాలా కంటికి ఆపరేషన్ అయిందని, చాచా బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడని మా ఆయన చెప్పాడు. బిడ్డలు వచ్చి నాలుగు రోజులుండి వెళ్లారట. "పోయి చూసి రా. గోడ పక్కనుండి పోకుంటే ఏం బాగుంటది?" అన్నాడు. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చాక వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, నల్లద్దాలు పెట్టుకుని. నా అడుగుల చప్పుడు పట్టి, "బేటీనా? రా," అంది. ఎప్పటిలాగే అంది.

కాసేపు ఆపరేషన్ సంగతులు మాట్లాడాం. తర్వాత, "వచ్చినవ్ గద, గీ మందు కంట్ల ఎయ్యి. చాచా చేతులకు ఎప్పుడూ గ్రీజే," అంది. కిటికీ గట్టు మీద మందు సీసాలు రెండున్నాయి. చేతులు కడుక్కుని వచ్చాను. ఆమె అద్దాలు తీసి తల వెనక్కి వాల్చింది. ఒక చేత్తో రెప్ప పట్టి చుక్క వేశాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆమె చూడడం లేదు కనుకే చెప్పగలిగానేమో.

"ఖాలా, కోడిని కుక్క పట్కపోలే," అన్నాను. "నేను తిండి పెట్టలే. ఆకలికి సచ్చిపోయింది."

ఆమె కళ్లు తెరవలేదు. మంచం మీద చెయ్యి కదిలింది, అంతే.

"నాకెర్కే బేటీ," అంది. "నువ్వు బడికి పోయినంక పొద్దంతా గోడ అవతల గిన్నె సప్పుడు ఇనబడేది. టక్కు టక్కు అని వట్టి గిన్నెల పొడుసుడు. నాకు తెల్వదా ఆ సప్పుడు? ఇరువై నాలుగు రోజులు పెట్టిన దానికి." గోడ వైపు చెయ్యి చూపింది. "రెండు రోజులు గోడ మీదినుంచి ముద్దలేసిన. మిగిలిన కోళ్లే తిన్నయ్. గోడ దాటి వద్దమంటే నాతోని కాదు. నిన్ను పిలుద్దమనుకున్న. పిలిస్తే మల్ల ఏమంటవో అని ఊకున్న. నాది గూడ తప్పే."

తనదీ తప్పేనని ఆమె అన్నందుకు నాకు బరువు తగ్గలేదు. పగలంతా ఒక ముసలామె గోడకు తన వైపు కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయిందంటే, నేను అన్న ఆ ఒక్క మాట వల్లనే. నా వల్ల నష్టపోయింది పెట్ట ఒక్కటే అనుకున్నాను అప్పటిదాకా. దానితో పాటు ఆమెను కూడా ఇన్నాళ్లు నేను అలా కూర్చోబెట్టాను.

"ఆ దినం నేనన్న మాట... తప్పయింది ఖాలా. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.

ఆమె చెంప మీదికి జారిన మందును కొంగుతో ఒత్తుకుంది.

"కోడి సంగతి అల్లా చూస్కుంటడు," అంది చివరికి. "నీ పనులల్ల నీకు చాతగాలే, గది నాకు సమజైతది. గా మాట మాత్రం నేను మర్వలే బేటీ. మర్సిన అని అబద్ధం ఎందుకు చెప్పాలె? చాచా గూడ మర్వలే. పదారేండ్లు నీ ఇంటికి కోసిచ్చిండు, ఏనాడన్న రూపాయి అడిగిండా? గా దినం సంది కత్తి ముడ్తలేడు. మా ఇంట్లకే బజార్ల కెళ్లి తెస్తుండు."

లేచి నిలబడ్డాను. వెళ్లిపొమ్మంటుందనుకున్నాను, వెళ్లిపోవాలనే అనుకున్నాను.

"యాడికి? ఇంకో మందున్నది," అంది. "పది నిమిషాలాగి ఎయ్యాలన్నడు డాక్టర్. కూసో."

కూర్చున్నాను. బయట షెడ్డులో చాచా ఎవరిదో బండి కిక్కు కొడుతున్నాడు, అది అందుకోవడం లేదు. గోడ గడియారం చూస్తూ పది నిమిషాలూ కూర్చుని, లేచి రెండో మందు వేశాను. ఆమె అద్దాలు పెట్టుకుని, "రేపు గూడ గిదే యాళ్లకు రా. నెల దినాలు ఎయ్యాలట," అంది.

ఆ నెలంతా వెళ్లాను. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. వెళ్లేటప్పుడు షెడ్డు ముందు నుంచే వెళ్లాలి. చాచా తలెత్తి చూసేవాడు, లోపల ఉంది అన్నట్టు తల ఊపేవాడు. మాట్లాడింది లేదు. ఖాలా మాత్రం కూరగాయల సంగతి, బిడ్డల సంగతి, మా అమ్మ నడుస్తోందా లేదా అన్నీ అడిగేది. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మా ఆయనకు మాత్రం మొదటి వారంలోనే అంతా చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు. కోడి గురించి ఏమీ అనలేదు. "గసుంటి మాట అన్నవా నువ్వు?" అన్నాడు. అన్నం సగంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.